వాలెన్‌స్టైన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఐరోపా చరిత్ర చదువుతూ ముప్పై ఏళ్ళ యుద్ధం (1618 నుంచి 1648 దాకా ముఖ్యంగా జర్మనీ నేల మీద కాథలిక్, ప్రొటెస్టెంట్ పక్షాల మధ్య సాగిన పోరు) దగ్గరికి వచ్చేసరికి చాలామందికి తల తిరుగుతుంది. పేర్లు ఎక్కువ, ఊళ్ళు ఎక్కువ, ఎవరు ఎవరి పక్షమో రెండేళ్ళకోసారి మారిపోతుంది. నాకు ఆ గందరగోళంలో దారి చూపించింది ఒక్క మనిషి కథ. అతని గురించి మాటొచ్చినప్పుడల్లా మిత్రులు అడిగే ప్రశ్నలూ, నేను చెప్పే జవాబులూ ఇవి.

ఎవరీ వాలెన్‌స్టైన్?

పూర్తి పేరు ఆల్‌బ్రెక్ట్ ఫాన్ వాలెన్‌స్టైన్. 1583 సెప్టెంబరులో బొహీమియాలో, అంటే ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లో పుట్టాడు. వియన్నా నుంచి ఏలిన హాబ్స్‌బర్గ్ వంశపు కాథలిక్ చక్రవర్తి రెండో ఫెర్డినాండ్‌కు రెండుసార్లు సర్వసేనాని. ఫ్రీడ్‌లాండ్, జాగన్, మెక్లెన్‌బర్గ్ అనే మూడు సంస్థానాలకు డ్యూక్. 1634లో అదే చక్రవర్తి ఆజ్ఞ మీద, తన కింద పనిచేసే అధికారుల చేతుల్లోనే చచ్చిపోయాడు. అప్పటికి వయసు 50.

సేనాని అనగానే గుర్రమెక్కి కత్తి దూసిన బొమ్మ కళ్ళముందుకొస్తుంది. ఇతన్ని అలా ఊహించుకుంటే కథ అర్థం కాదు. ముందు పద్దుల పుస్తకం పెట్టుకుని కూర్చున్న మనిషిగా ఊహించుకోండి. నన్నడిగితే ఇతను యుద్ధ కాంట్రాక్టరు. పని మొత్తం అప్పు మీద చేశాడు, ఆ అప్పు తీర్చాల్సినవాడు చక్రవర్తి. చివరికి ఏమైందో ఊహించడం పెద్ద కష్టం కాదు.

జర్మనా, చెక్కా?

చెక్. ఇంటిపేరు వాల్ద్‌ష్టైన్, చిన్నప్పుడు మాట్లాడింది చెక్ భాష. పెద్దయ్యాక ఉత్తరాలు ఎక్కువగా జర్మన్‌లోనే రాశాడు. మనకు తెలిసిన పేరు ఆ జర్మన్ రూపమే.

గొప్పింటి బిడ్డేనా?

వంశం పెద్దది, ఇల్లు చిన్నది. ఎల్బ నది ఎగువన హెర్మనిత్సె అనే చోట తండ్రికి ఓ చిన్న జమీ ఉండేది, అంతే. పన్నెండేళ్ళు నిండకముందే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. మేనమామ వరసయ్యే స్లావటా అనే ఆయన తీసుకెళ్ళి పెంచాడు. చదువుకోమని నూరెంబర్గ్ దగ్గరి ఆల్ట్‌డార్ఫ్‌కు పంపితే అక్కడ చదివింది తక్కువ, కొట్లాడింది ఎక్కువ. తన దగ్గర పనిచేసే కుర్రాణ్ణి ఘోరంగా కొట్టిన గొడవ బాగా ముదిరింది. ఏడాది తిరక్కుండానే ఊరు వదిలాడు. తర్వాత ఇటలీ చూసొచ్చి, 1604లో హంగరీలో జరుగుతున్న యుద్ధంలో హాబ్స్‌బర్గ్ సైన్యంలో చేరాడు.

ప్రొటెస్టెంటుగా పుట్టి కాథలిక్ ఎందుకయ్యాడు?

హాబ్స్‌బర్గుల దగ్గర పైకి రావాలంటే అదే దారి. ఇరవై మూడేళ్ళప్పుడు మారాడు. భక్తి ఏ మాత్రం ఉందో గానీ, తర్వాత రోజుల్లో అతని ఖజానా చూసిన బ్యాంకరు కాల్వినిస్టు, సైన్యంలో లూథరన్ అధికారులు బోలెడుమంది, రెండూ ప్రొటెస్టెంటు శాఖలే. పని చేసేవాడికి మతం అడిగేవాడు కాదు. ఆ కాలంలో ఇది చాలా అరుదు, చాలామందికి కంటగింపు కూడా.

అంత డబ్బు ఎక్కడిది?

మూడు దారుల్లో వచ్చింది.

మొదటిది పెళ్ళి. 1609లో బొహీమియా పక్కనున్న మొరేవియాకు చెందిన లుక్రేసియా అనే ధనవంతురాలైన వితంతువును చేసుకున్నాడు. 1614లో ఆమె పోయింది. ఆమె జమీలన్నీ ఇతనికి వచ్చాయి.

రెండోది సరైన పక్షాన నిలబడటం. 1618లో బొహీమియా ప్రొటెస్టెంట్ ప్రభువులు ప్రాగ్ కోటలో చక్రవర్తి మనుషుల్ని కిటికీలోంచి కిందికి తోసి తిరుగుబాటు మొదలుపెట్టారు. మొరేవియా ప్రభువుల సైన్యంలో అప్పటికి కల్నల్‌గా ఉన్న వాలెన్‌స్టైన్ 1619 ఏప్రిల్లో ఒలొమౌట్స్‌లో వాళ్ళ ఖజానా పెట్టెల్ని బండ్లకెత్తించుకుని వియన్నా పారిపోయాడు. అడ్డం చెప్పిన తన కింది అధికారిని అక్కడికక్కడే పొడిచేశాడు. తమాషా ఏమిటంటే, ఫెర్డినాండ్ ఆ డబ్బును మొరేవియా వాళ్ళకే తిరిగిచ్చేశాడు. డబ్బు పోయినా మనిషి మాత్రం దొరగారి కళ్ళలో పడ్డాడు. 1620 నవంబరు 8న ప్రాగ్ బయట వైట్ మౌంటెన్ దగ్గర తిరుగుబాటుదారులు ఓడిపోయారు. మరుసటి జూన్‌లో 27 మందికి ప్రాగ్ పాత పట్టణం కూడలిలో మరణశిక్ష అమలు చేశారు. వందల మంది ప్రభువుల భూములు జప్తయ్యాయి. వాటిని అమ్మకానికి పెట్టారు.

మూడోది నాణేలు. దీని సంగతి విడిగా చెప్పాలి.

ఆ నాణేల వ్యవహారం ఏమిటి?

1622లో చక్రవర్తికి అర్జెంటుగా డబ్బు కావాలి. పదిహేను మంది ఉన్న ఒక బృందానికి బొహీమియా, మొరేవియా, దిగువ ఆస్ట్రియా టంకశాలల్ని ఏడాది పాటు గుత్తకిచ్చాడు. గుత్త 60 లక్షల గుల్డెన్లు. ఆ బృందంలో గవర్నరు లీష్టెన్‌స్టైన్, బ్యాంకరు హాన్స్ డి విట్టె, యూదు వర్తకుడు జాకబ్ బసేవి, ఇంకా మన వాలెన్‌స్టైన్ ఉన్నారు.

చేసిన పని సింపుల్. మామూలు రోజుల్లో ఒక మార్కు తూకం వెండితో 19 గుల్డెన్ల నాణేలు కొట్టేవారు. వీళ్ళు దాన్ని 79కి తీసుకెళ్ళారు. వెండి అంతే, మిగతాదంతా రాగి. ధరలు ఆకాశాన్నంటాయి. రొట్టె కొనలేక జనం అల్లాడిపోయారు. 1623 డిసెంబరులో సర్కారు ఆ నాణేల విలువను ఒక్క దెబ్బకు దాదాపు తొంభై శాతం తగ్గించింది. పొదుపు చేసుకున్నవాడు మునిగిపోయాడు.

ఇదే రెండేళ్ళలో వాలెన్‌స్టైన్ యాభైకి పైగా జప్తు జమీలు కొన్నాడు, ఇంచుమించు ఆ పనికిమాలిన నాణేలతోనే. రాగి ఇచ్చి నేల తీసుకున్నాడన్నమాట. అవన్నీ కలిపితే ఈశాన్య బొహీమియాలో ఓ చిన్న దేశమంత అయింది. దానికే ఫ్రీడ్‌లాండ్ అని పేరు. 1625లో అతన్ని డ్యూక్ చేశారు. అతని జీవితంలో నాకు అస్సలు మింగుడుపడని ఘట్టం ఇదే. యుద్ధంలో చేసినవాటికి ఏదో ఒక సమర్థన దొరుకుతుంది గానీ దీనికి లేదు.

చక్రవర్తికి సొంత సైన్యం లేదా? ఇతనితో పనేంటి?

ఉన్న చిన్న సైన్యానికే జీతాలివ్వడం గగనమైపోయింది. యుద్ధరంగంలో ఉన్న పెద్ద సైన్యం జర్మనీ కాథలిక్ పాలకుల కూటమి అయిన కాథలిక్ లీగుది, అంటే దాని నాయకుడూ బవేరియా పాలకుడూ అయిన మాక్సిమిలియన్‌ది. దాన్ని నడిపే టిల్లీ అతని మనిషి. 1625లో డెన్మార్క్ రాజు ప్రొటెస్టెంటుల పక్షాన యుద్ధంలోకి దిగేసరికి చక్రవర్తి ఇంకొకరి సైన్యం మీద ఆధారపడి కూర్చోవాల్సి వచ్చింది. అప్పుడు వాలెన్‌స్టైన్ ముందుకొచ్చి, ‘మీరు పైసా పెట్టక్కర్లేదు, సైన్యం నేను లేపుతాను’ అన్న తరహా ప్రతిపాదన పెట్టాడు. 24,000 మంది అనుకున్నది మూడు నాలుగేళ్ళలో లక్ష దాటింది.

పద్ధతి ఇలా ఉండేది. కల్నల్ పదవి కావాలన్నవాడు తన జేబులోంచి డబ్బు పెట్టి రెజిమెంటును పోగుచెయ్యాలి. జేబులో లేకపోతే వాలెన్‌స్టైన్ అప్పిస్తాడు. వాలెన్‌స్టైన్‌కు ప్రాగ్‌లో ఉండే డి విట్టె అప్పిస్తాడు. డి విట్టె ఐరోపాలోని వ్యాపార పట్టణాల్లో తనకున్న పేరు మీద హుండీలు, అంటే ఫలానా గడువుకు డబ్బు చెల్లిస్తానన్న పత్రాలు రాసి తెస్తాడు. ఈ గొలుసు మొత్తానికి నెలనెలా డబ్బు ఎక్కడినుంచి రావాలి? సైన్యం విడిది చేసిన ఊళ్ళ నుంచి. దాన్ని కాంట్రిబ్యూషన్ అనేవారు. పట్టణానికి ఇంత అని లెక్క కట్టి చీటీ పంపుతారు. కడితే కాపలా, కట్టకపోతే నిప్పు. శత్రువు ఊరా, మనవాళ్ళ ఊరా అనే తేడా పెద్దగా లేదు.

సిపాయిలు ఎవరికి తోచినట్టు వాళ్ళు దోచుకునేకంటే ఇది నయమని అతని వాదన. నిజమే కావచ్చు, కట్టేవాడికి మాత్రం ఆ తేడా ఎంత తెలిసుంటుందో!

సైన్యానికి తిండీ బట్టా ఎలా సరిపెట్టేవాడు?

ఇక్కడే ఇతని అసలు ప్రతిభ. ఫ్రీడ్‌లాండ్ సంస్థానాన్ని మొత్తం ఓ గోడౌన్‌లా నడిపాడు. రాజధాని యిచిన్. అక్కడి నుంచి ధాన్యం, రొట్టె, బీరు, గుడ్డ, మందుగుండు, ఇనుప గుండ్లు బండ్ల మీదా పడవల మీదా సైన్యానికి వెళ్ళేవి. ఊరికే కాదు, డబ్బుకే. అంటే చక్రవర్తి సైన్యానికి సేనానీ ఇతనే, సరుకు అమ్మేవాడూ ఇతనే.

యుద్ధరంగం నుంచి అతను తన దివానుకు రాసిన ఉత్తరాలు చదివితే నవ్వూ వస్తుంది, ఆశ్చర్యమూ వేస్తుంది. ఒకచోట కాల్బలానికి పదివేల జతల బూట్లు కుట్టించమంటాడు. అక్కడితో ఆగడు. ఏ జతకు ఆ జత కలిపి కట్టి ఉంచమంటాడు, లేకపోతే తర్వాత ఏది ఏ కాలిదో వెతుక్కుంటూ కూర్చోవాలని. లక్ష మందిని నడిపేవాడికి బూటు తాడు మీద కూడా ధ్యాస ఉంది.

యుద్ధంలో జర్మనీ ఊళ్ళు కాలిపోతుంటే ఫ్రీడ్‌లాండ్ మాత్రం చెక్కుచెదరలేదు. తన సిపాయిలెవరూ అక్కడ విడిది చెయ్యకూడదని కట్టడి. ఊరందరి పొలాల్లో మేసే మంద తన చేలో మాత్రం కాలు పెట్టకూడదు!

ఏ యుద్ధాలు గెలిచాడు?

1626 ఏప్రిల్ 25న ఎల్బ నది మీద డెస్సావ్ వంతెన దగ్గర ప్రొటెస్టెంట్ పక్షపు సేనాని మాన్స్‌ఫెల్డ్‌ను చావుదెబ్బ కొట్టాడు. 1628 సెప్టెంబరులో వోల్గాస్ట్ దగ్గర డెన్మార్క్ రాజును ఓడించాడు. 1632లో నూరెంబర్గ్ బయట ఆల్టె వెస్టె గుట్ట మీద గట్టి శిబిరం వేసుకుని కూర్చుని స్వీడన్ రాజు గుస్తావ్ అడాల్ఫ్ దాడిని తిప్పికొట్టాడు. వరుసబెట్టి ఎదురుపడి కొట్టుకునే రకం కాదు. మంచి చోటు చూసుకుని తవ్వుకుని కూర్చోవడం, అవతలివాడి తిండి అయిపోయేదాకా ఆగడం, ఇదీ అతని తీరు.

ఓడింది ఎక్కడ?

ష్ట్రాల్‌జుండ్ దగ్గర. బాల్టిక్ తీరంలోని ఆ రేవు పట్టణాన్ని 1628 వేసవిలో ముట్టడించాడు. ‘స్వర్గానికి గొలుసులతో కట్టేసి ఉన్నా సరే దించేస్తాను’ అన్నాడని చెప్పుకుంటారు. అప్పటికే అతనికి సముద్ర సేనాని అనే బిరుదు కూడా ఉంది గానీ ఓడలే లేవు. డెన్మార్క్, స్వీడన్ సముద్రం మీదుగా సాయం పంపుతూనే ఉన్నాయి. చివరికి మూటా ముల్లే సర్దుకోవాల్సి వచ్చింది. ఆ ఊళ్ళో ఇప్పటికీ జులైలో పెద్ద సంబరం చేస్తారు. పేరు ‘వాలెన్‌స్టైన్ దినాలు’. ఓడినవాడి పేరున పండగ!

అంత ఉపయోగపడ్డవాణ్ణి 1630లో ఎందుకు తీసేశారు?

ఉపయోగపడ్డాడు కాబట్టే. డెన్మార్క్ పని అయిపోయింది, ఇక అంత సైన్యం ఎందుకని అందరూ అడగడం మొదలుపెట్టారు. ఆ సైన్యాన్ని మేపలేక పాలకులు విసిగిపోయారు. పైగా మెక్లెన్‌బర్గ్ పాత డ్యూకుల్ని తరిమేసి ఆ గద్దె మీద ఇతన్ని కూర్చోబెట్టడం, నిన్నగాక మొన్నటి చిన్న జమీందారును తమ సరసన చూడటం, వాళ్ళకు మంట పుట్టించింది. రేగెన్స్‌బర్గ్‌లో జరిగిన సమావేశంలో ఎలెక్టర్లందరూ, అంటే చక్రవర్తిని ఎన్నుకునే హక్కున్న పాలకులు, ఒకటయ్యారు. ఫెర్డినాండ్‌కు తన తర్వాత కొడుకు ఎన్నిక కోసం వాళ్ళ ఓట్లు కావాలి. సేనానిని వదులుకున్నాడు. ఆ ఓట్లు కూడా అప్పుడు రాలేదు, అది వేరే సంగతి.

కబురు మెమ్మింగెన్‌లో అందింది. వాలెన్‌స్టైన్ గొడవ చెయ్యకుండా ఇంటికెళ్ళిపోయాడు.

బ్యాంకరు డి విట్టె ఏమయ్యాడు?

సేనాని పదవి పోగానే కాంట్రిబ్యూషన్ డబ్బు ఆగిపోయింది. హుండీల గడువులు మాత్రం ఆగలేదు. 1630 సెప్టెంబరులో డి విట్టె ప్రాగ్‌లోని తన ఇంటి తోటలో బావిలో పడి ప్రాణం తీసుకున్నాడు. యుద్ధం మీద ఎన్ని పుస్తకాలు వచ్చినా ఆ బావి గురించి ఒక్క వాక్యం రాసి వదిలేస్తారు. లక్షమంది సైన్యం నిలబడింది ఆ మనిషి సంతకం మీద.

మళ్ళీ ఎందుకు పిలిచారు?

వేరే దిక్కు లేక. ఇతన్ని పంపించేస్తున్న వేసవిలోనే స్వీడన్ రాజు జర్మనీ తీరంలో దిగాడు. 1631 సెప్టెంబరులో బ్రైటెన్‌ఫెల్డ్ దగ్గర టిల్లీ సైన్యాన్ని తుడిచిపెట్టాడు. మరుసటి వసంతంలో టిల్లీ కూడా గాయాలతో పోయాడు. ఫెర్డినాండ్ అప్పటికే మళ్ళీ వాలెన్‌స్టైన్ గుమ్మం తొక్కాడు. కొత్త ఒప్పందంలో ఇతనికి ఏ అధికారాలిచ్చారన్నది ఈనాటికీ వాదనే, అసలు కాగితం మిగల్లేదు మరి.

ల్యూట్జెన్‌లో ఏం జరిగింది?

1632 నవంబరు. చలి ముదిరింది, ఇక ఈ ఏటికి యుద్ధం లేదనుకుని వాలెన్‌స్టైన్ తన గుర్రపుదళ నాయకుడు పాపెన్‌హైమ్‌ను హాలె వైపు పంపేశాడు. ఆ సంగతి తెలిసి గుస్తావ్ అడాల్ఫ్ వెనక్కి తిరిగి మీదికొచ్చాడు. వాలెన్‌స్టైన్ హడావుడిగా ఓ చీటీ రాశాడు: అన్నీ వదిలేసి, మనుషులతో ఫిరంగులతో తెల్లారేసరికి ఇక్కడుండాలి అని. పాపెన్‌హైమ్ రాత్రంతా గుర్రాలు తోలుకుంటూ వచ్చాడు. 16వ తేదీన యుద్ధంలో దిగీ దిగగానే గుండు తగిలింది, బతకలేదు. ఆ చీటీ అతని ఒంటి మీదే దొరికింది, రక్తం మరకలతో. ఇప్పుడు వియన్నాలోని సైనిక చరిత్ర మ్యూజియంలో ఉంది.

అదే రోజు పొగమంచులో తనవాళ్ళ నుంచి తప్పిపోయి స్వీడన్ రాజు కూడా చనిపోయాడు. వాలెన్‌స్టైన్ రాత్రికి రాత్రి ఫిరంగులు వదిలేసి వెనక్కి తగ్గాడు. ఎవరు గెలిచారంటే ఏం చెప్పాలి? మైదానం స్వీడన్ వాళ్ళకు మిగిలింది, రాజు మిగల్లేదు.

మర్నాడో మరునెలలోనో ఇది మరిచిపోయే మనిషి కాదు ఇతను. 1633 ఫిబ్రవరిలో, ఆ యుద్ధంలో పారిపోయిన అధికారుల్ని విచారించి ప్రాగ్ పాత పట్టణం కూడలిలోనే తలలు తీయించాడు. సైన్యంలో అతనంటే భయం పెరిగింది, అభిమానం తగ్గింది.

జాతకాల పిచ్చి నిజమేనా?

నిజమే. అతని జాతకం వేసింది కూడా ఆషామాషీ మనిషి కాదు, గ్రహాల కదలికలకు సూత్రాలు చెప్పిన యోహానెస్ కెప్లరే. 1608లో ఒక మధ్యవర్తి ద్వారా, పేరు చెప్పకుండా, పుట్టిన తేదీ, సమయం మాత్రం పంపించారు. కెప్లర్‌కు ఆ మనిషెవరో తెలుసు. తన కాగితాల్లో పేరును గుప్తలిపిలో రాసుకున్నాడు. చక్రంలో గురుడూ శనీ కలిసి మొదటి స్థానంలో ఉన్నారు. ఫలితం: చురుకైనవాడు, కుదురులేనివాడు, కొత్తదనం కోసం తహతహలాడేవాడు, పదవుల మీద ఆశ, దయ తక్కువ, అనుమానం ఎక్కువ. ముప్పై మూడో ఏట ఒక వితంతువుతో పెళ్ళి యోగం, ఆమె అందగత్తె కాకపోయినా పొలాలు, ఇళ్ళు, పశువులు, నగదు బాగా ఉంటాయని రాశాడు.

వాలెన్‌స్టైన్ ఆ కాగితాన్ని ఏళ్ళ తరబడి దగ్గర పెట్టుకుని మార్జిన్‌లో టిక్కులు పెడుతూ వచ్చాడు. పెళ్ళి దగ్గర, 1609 మేలో ఇలాంటి వితంతువునే చేసుకున్నానని రాసుకున్నాడు. అంటే మనిషి సరిపోయింది, ఏడాది తప్పింది. దాంతో 1624లో మళ్ళీ కెప్లర్‌ను పట్టుకున్నాడు: జరిగినవీ చెప్పినవీ టైముకు కలవడం లేదు, సవరించండి అని. కెప్లర్ జన్మ సమయాన్ని కొన్ని నిమిషాలు జరిపాడు. మన సిద్ధాంతిగారి దగ్గర కూర్చున్నవాళ్ళకు ఇది కొత్తేం కాదు. కానీ కెప్లర్ చీవాట్లు కూడా పెట్టాడు. ఆకాశం చూసి ఫలానా రోజు ఫలానాది జరుగుతుందని తెలుసుకోవాలనుకునేవాడు దేవుడిచ్చిన బుద్ధిని వాడుకోనట్టే అన్న అర్థంలో.

ఆ రెండో జాతకం 1634 మార్చి దగ్గర, దేశంలో ఘోరమైన కల్లోలాలు అంటూ ఆగిపోతుంది. వాలెన్‌స్టైన్ చనిపోయింది 1634 ఫిబ్రవరి 25న. మీకేం అనిపిస్తుందో అది మీ ఇష్టం. కెప్లర్ 1628 నుంచి జాగన్‌లో అతని కొలువులోనే ఉన్నాడు. చక్రవర్తి కెప్లర్‌కు పడ్డ జీతం బాకీని కూడా వాలెన్‌స్టైన్ నెత్తినే పెట్టారు. అది పూర్తిగా చేతికి రాకముందే 1630లో కెప్లర్ పోయాడు.

అతను ఉన్న ఊళ్ళో కుక్కలు మొరగకూడదనీ, కోళ్ళు కూయకూడదనీ…?

అలాంటి కథలు చాలా ఉన్నాయి. చప్పుడంటే పడదన్నది మాత్రం అందరూ చెప్పిన మాట. నొప్పులతో నిద్రపట్టని మనిషి, చివరి ఏళ్ళలో పల్లకీలోనే తిరిగేవాడు. అతని ఎముకల్ని పరీక్షించినప్పుడు సిఫిలిస్ ముదిరిన గుర్తులు కనబడ్డాయి.

నిజంగా ద్రోహం తలపెట్టాడా?

సాక్సనీతో, స్వీడన్‌తో, ఫ్రాన్స్‌తో, దేశం వదిలిపోయిన బొహీమియా ప్రభువులతో రాయబారాలు నడిపాడన్నది నిజం. అందులో కొన్ని చక్రవర్తికి తెలుసు, కొన్ని తెలియవు. 1633 అక్టోబరులో ష్టైనావ్ దగ్గర 1618 తిరుగుబాటు నాయకుడు తూర్న్ దొరికితే వదిలేశాడు. నవంబరులో రేగెన్స్‌బర్గ్ స్వీడన్ పక్షం చేతికి పోతుంటే సమయానికి వెళ్ళలేదు. వియన్నాలో టెన్షన్ పెరిగిపోయింది.

నాకనిపించేది ఇది: అతనికి శాంతి కావాలి, కానీ తాను రాసిన షరతుల మీద. అందరితోనూ మాట్లాడి ఎవరికీ పూర్తిగా మాటివ్వలేదు, అందుకే ఎవరూ నమ్మలేదు. కిరీటం కోసం పథకం వేశాడనడం తర్వాత అంటించిందే.

1634 జనవరి 12న ప్లిజెన్‌లో 49 మంది అధికారులు అతన్ని విడిచిపోము అని రాసి సంతకాలు చేశారు. దీన్ని కుట్రకు సాక్ష్యంగా చూపిస్తారు. ఆ సంతకాల వెనక ఉన్నది డబ్బు భయం. రెజిమెంట్లకు సొంత డబ్బు పెట్టింది వాళ్ళే. వాలెన్‌స్టైన్ పోతే ఆ బాకీ ఎవరు తీరుస్తారు? పన్నెండు రోజులకు చక్రవర్తి రహస్యంగా అతన్ని తీసేస్తూ ఆజ్ఞ రాశాడు. ప్రాణాలతోనో శవంగానో పట్టుకోవాలన్నారు. బాకీలు మేం చూసుకుంటాం అన్న భరోసా ఎప్పుడైతే వచ్చిందో, సంతకం పెట్టినవాళ్ళు ఒక్కొక్కరే జారిపోయారు.

ఎలా చంపారు?

ఫిబ్రవరి 22న ప్లిజెన్ నుంచి కొద్దిమందితో బయల్దేరి 24న సరిహద్దు ఊరు ఎగర్ చేరాడు. ఇప్పటి పేరు ఖెబ్. కోట అధికారి గోర్డన్, అతని తోటివాడు లెస్లీ స్కాట్లాండ్ వాళ్ళు. దారిలో కలిసిన కల్నల్ బట్లర్ ఐర్లాండ్ వాడు. ముగ్గురూ అతని జీతగాళ్ళే.

25వ తేదీ శనివారం, కార్నివాల్ రోజులు. ఇలో, ట్రచ్కా, కిన్‌స్కీ, న్యూమాన్ అనే నలుగురు ఆప్తుల్ని కోటలో విందుకు పిలిచారు. ఒంట్లో బాగోలేక వాలెన్‌స్టైన్ రాలేదు. భోజనం చివర్లో తలుపులు తెరుచుకుని డ్రాగూన్లు (గుర్రాల మీద తిరిగే సిపాయిలు) లోపలికొచ్చారు. ట్రచ్కా తోలు కోటు వేసుకున్నాడు, కత్తులు వెంటనే దిగలేదు. పెనుగులాడి వరండా దాకా వెళ్ళగలిగాడు. అక్కడ పడిపోయాడు.

తర్వాత కూడలిలోని ఇంటికి వెళ్ళారు. కెప్టెన్ డెవెరూ మెట్లెక్కి తలుపు బద్దలుకొట్టాడు. కింద అలికిడికి లేచిన వాలెన్‌స్టైన్ రాత్రి చొక్కాతో నిలబడి ఉన్నాడు. ఒకే ఒక్క పోటు, ఈటె లాంటి పొడుగాటి ఆయుధంతో, రొమ్ములో. శవాన్ని తివాచీలో చుట్టి మెట్ల మీదుగా కిందికి ఈడ్చారు.

చంపినవాళ్ళకు ఏం దక్కింది?

ఫ్రీడ్‌లాండ్ దక్కింది, ముక్కలు ముక్కలుగా. వాలెన్‌స్టైన్‌ను వదిలి చక్రవర్తి పక్షాన చేరిన సేనానులు ఇద్దరు: గాలాస్‌కు ఫ్రీడ్‌లాండ్, లిబెరెట్స్; పికొలోమినికి ట్రచ్కా వాళ్ళ నాహోద్. లెస్లీకి నోవె మ్యెస్తో, పైగా కౌంట్ బిరుదు. బట్లర్‌కు డోక్సి, ఆ ఏడాది తిరక్కుండానే పోయాడు. చక్రవర్తి సేనానికి పడ్డ బాకీ కూడా ఆ రాత్రితో రద్దయిపోయింది. పద్దులు ఇంత శుభ్రంగా మూసిన సందర్భం నేనింకెక్కడా చదవలేదు.

సమాధి ఎక్కడ?

యిచిన్ పక్కనే వాల్డిత్సెలో తాను కట్టించిన మఠంలో పెట్టారు. 1782లో ఆ మఠాన్ని ప్రభుత్వం మూసేసింది. తర్వాత అది జైలయింది, ఇప్పటికీ జైలే. ఎముకల్ని మాత్రం వాల్ద్‌ష్టైన్ వంశంవాళ్ళు 1785లో మ్నిహోవో హ్రాదిష్ట్యెలోని తమ చిన్న గుడికి మార్చారు.

ప్రాగ్ టూర్‌కి వెళ్తే ఏం చూడొచ్చు?

మలోస్త్రాన్‌స్కా మెట్రో దిగితే పక్కనే వాలెన్‌స్టైన్ తోట. ఇరవైకి పైగా ఇళ్ళు కూలగొట్టించి కట్టిన మహల్ అది, ఇప్పుడు చెక్ సెనేట్ అక్కడే కూర్చుంటుంది. పెద్ద హాలు కప్పు మీద రథమెక్కిన యుద్ధదేవుడు మార్స్ బొమ్మ ఉంది, ముఖం మాత్రం యజమానిది. ఇంత చేసి అందులో అతను ఉన్న రోజులు చాలా తక్కువ. తోటలో నెమళ్ళు తిరుగుతుంటాయి. దారి పొడుగునా కంచు విగ్రహాలు కనిపిస్తాయి, ఆద్రియాన్ డి వ్రీస్ పోతపోసినవి. కానీ అవి నకళ్ళు. అసలువి 1648లో స్వీడన్ సైన్యం ఎత్తుకుపోయింది. వాటిని చూడాలంటే స్టాక్‌హోమ్ దగ్గరి డ్రొట్నింగ్‌హోమ్ మహల్‌కు టికెట్ తీసుకోవాలి.